గుదడి పాట నాలుగో చరణం

ఆ పాటకు నాలుగే చరణాలు. మా చెల్లెలు ఐదంటుంది. మొన్న ఫోన్లో కూడా ఇదే పేచీ. ఆ పాట వినే రోజుల్లో దానికి నాలుగేళ్లు. రెండో చరణం ఇష్టమై పక్కింటి ఖాలా దాన్ని రెండుసార్లు పాడేది, ఇది దాన్ని వేరే చరణంగా జమకట్టుకుంది. నాకు పదకొండు నిండి పన్నెండు నడుస్తోంది. చాప మీద ఖాలాకు ఎదురుగా కూర్చుని సూదుల్లో దారం ఎక్కించే పని నాది. కాబట్టి నాలుగే.

లెక్క తప్పితే తప్పింది, అర్థం కూడా తప్పు చెబుతుంది. అది చావు పాట అంటుంది. కాదు. 1948లో మా గోడ అవతల దాని అర్థం ఎలా తేలిందో దగ్గరుండి చూశాను.

మా ఇల్లు సికింద్రాబాదులో ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్న చోట ఒక సందులో ఉండేది. నాన్న మిషన్ బడిలో పంతులు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మాది. పక్కింట్లో ఖాలా. ఖాలా అంటే పిన్ని. ఆ సందులో పిల్లలందరికీ ఆమె పిన్నే. రెండు పెరళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. దాని మీదుగా గిన్నెలు, కబుర్లు, మా చెల్లెలు, అన్నీ అటూ ఇటూ మారుతుండేవి. అమ్మ ఆమెను ఆపా అనేది, అక్క అని. ఆమె అమ్మను బహెన్ అనేది. నన్ను మాత్రం మున్షీ అనేది, గుమాస్తా అని. ప్రతిదానికీ లెక్క అడుగుతానని పెట్టిన పేరు.

ఖాలా భర్త తిరుమలగిరి కంటోన్మెంటులో దర్జీ. దొరల యూనిఫారాలు కుట్టేవాడట. నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఒక్కడే కొడుకు, నిజాం సర్కారు ఫౌజులో సిపాయి. కోడలు పర్భనీ వైపు పిల్ల, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఆ ఇళ్లలో కోడలిని పేరు పెట్టి పిలవరు. పెళ్లయి ఎన్నేళ్లయినా దుల్హన్ అనే, పెళ్లికూతురు అని. మేమూ అలాగే పిలిచేవాళ్లం.

ఖాలా గుదడ్లు కుట్టేది. మేము బొంత అంటాం. పాత చీరలు, దుపట్టాలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అంతా కలిపి చేతి కుట్టు వేస్తారు. ఫకీర్లు తొడుక్కునే అతుకుల అంగీని కూడా గుదడి అనే అంటారు. మా అమ్మ వైపు బొంతను ఎటు నుంచి ఎటు కుట్టినా అడిగేవాళ్లు లేరు. ఖాలా పద్ధతి వేరు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. నడిమధ్య ముక్క ఆఖరున పడాలి. ఒక్కో వైపు ఒక్కో మనిషి కూర్చునేవాళ్లు: ఖాలా, దుల్హన్, అమ్మ. నాలుగో వైపు సందులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు.

"మున్షీ, దారం జెర పొడుగు తియ్. గింతంత దారంతోని ఏం కుడ్తరు, చీమకు లంగానా?"

కుట్టు మొదలైతే పాట మొదలయ్యేది. పాట లేకపోతే ఖాలా వేళ్లు కదలవు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నదట, ఆమెకు వాళ్లమ్మ నేర్పిందట. గుట్ట మీద దర్గాలో గురువారాలు మగవాళ్లు డోలకులతో పాడే పాట కాదు, ఆడవాళ్లు సూది పట్టుకుని పాడుకునేది. దక్కనీ ఉర్దూ. అర్థం మాత్రం నేను తెలుగులో చెబుతాను.

మొదటి చరణంలో ఒక పిల్ల దర్జీ దగ్గరికి పోతుంది. చలిగా ఉంది, గుదడి కుట్టిపెట్టు అని తన చిన్నప్పటి గౌన్లన్నీ ఇస్తుంది. దర్జీ వాటిని పరిచి చూసి, "ఏక్ టుక్డా కమ్ హై, బీబీ" అంటాడు. ఒక ముక్క తక్కువైంది అని. రెండో చరణంలో జరీ అంచు ఉన్న పెళ్లి దుపట్టా తెచ్చి ఇస్తుంది. మళ్లీ అదే మాట. మూడో చరణంలో ఏడ్చి కళ్లు తుడుచుకున్న కొంగు చింపి ఇస్తుంది. మళ్లీ అదే. నాలుగో చరణంలో, ఇంక నా ఇంట్లో ఏమీ లేదు, పెట్టె ఖాళీ అంటుంది. అప్పుడు దర్జీ, "మరి వీపు వెనక దాచిందేంటి?" అంటాడు. ఆమె తీసి ఇచ్చేస్తుంది. గుదడి పూర్తవుతుంది. దర్జీ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చుట్టూ చూసి అడుగుతాడు: "చలి అన్న మనిషి ఏది?"

అంతే పాట.

మా అమ్మకు మొదట్లో దర్జీ మీద కోపంగా ఉండేది. "ఎంత ఇచ్చినా చాలదేంటి ఆపా అతనికి? మా ఊరి దర్జీలు గుడ్డ మిగుల్చుకుంటారు గానీ ఇన్నిసార్లు తిప్పరు."

"మా ఆయన సుత మిగుల్చుకునెటోడు బహెన్. గీ గుదడ్లన్నీ గా ముక్కలే కద!"

దర్జీ అంటే దేవుడని తెలిశాక అమ్మ శాంతించింది. నాన్న అరుగు మీద నుంచి, "మనవాడు వడ్రంగి, వాళ్లవాడు దర్జీ. ఇద్దరూ చేతిపనివాళ్లే, బాగుంది" అన్నాడు. ఖాలా చెంపలు తట్టుకుంది. "తౌబా తౌబా, పంతులూ! అల్లా దర్జీ గాదు. మా అసొంటోళ్లకు సమజ్ గావాలని పాటల అట్ల కూసోబెట్టిన్రు."

నాకు తృప్తి కలిగేది కాదు. "వీపు వెనక ఏం దాచింది ఖాలా? పాటలో చెప్పలేదు."

"చెప్తే అది పాటది అయితది, నీది గాదు. ఎవరిది వాళ్లకే ఎరుక."

"నీది ఏంటి?"

"నాదా? నాది ఎప్పుడో ఇచ్చేసిన. మీ ఖాలూ పోయిన్నాడే." భర్త మాట వస్తే ఆమె ఖాలూ అనేది, పిల్లల వరసలో. "నేను, నాది అనేదే ఆ ముక్క, మున్షీ. పెద్దోళ్లు, బుజుర్గులు చెప్పిన మాట అది. అది ఇచ్చినంక చలి ఎవరికి పెడ్తది? అందుకే గా దర్జీ అడుగుతున్నడు, మనిషేది అని."

సందులో కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకూ ఆమె ఈ మాట ఇలాగే చెప్పేది. బడిలో ఎక్కం చెప్పినంత ఖాయంగా.

ఇక ఆ సంవత్సరం. పోలీస్ యాక్షన్ నాలుగు రోజులని కొందరు, ఐదని కొందరు రాస్తారు. సెప్టెంబరు పదమూడు సోమవారం మొదలైంది, పదిహేడు శుక్రవారం సాయంత్రం నిజాం లొంగిపోయానని రేడియోలో చెప్పాడు. సోమవారాన్నీ శుక్రవారాన్నీ కలుపుకుంటే ఐదు. ఆ ఐదు రోజులూ ఖాలా, దుల్హన్ మా ముందుగదిలోనే ఉన్నారు. ఖాలా రమ్మంటే రాలేదు. నాన్న గోడ దగ్గర నిలబడి, "మా ఆవిడకు విమానాలంటే భయం, మీరు తోడుంటే ధైర్యంగా ఉంటుంది" అంటే వచ్చింది. అమ్మకు విమానాలంటే ఏ భయమూ లేదు, తల ఎత్తి చూసేది. శనివారం ఇండియా ఫౌజు లారీలు తిరుమలగిరి వైపు పోతుంటే సందులో మగవాళ్లంతా పెద్ద రోడ్డుకు పరుగెత్తారు. ఖాలా మాత్రం మా గడప మీద నుంచి లేవలేదు. ఆమె కొడుకును ఆగస్టులోనే షోలాపూర్ రోడ్డు మీదికి, నల్దుర్గ్ వైపు పంపించారు. మొదటి రోజు యుద్ధం జరిగింది అక్కడే.

అక్టోబరు వచ్చింది. యుద్ధానికి పోయిన సిపాయిల్లో కొందరు ఇళ్లు చేరారు. కొందరిని క్యాంపుల్లో పెట్టారని, కొందరు ఆసుపత్రుల్లో ఉన్నారని, కొందరు లేరని, రకరకాల మాటలు. ఖాలా కొడుకు సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. నాన్న రెండుసార్లు తిరుమలగిరి వెళ్లి అడిగి వచ్చాడు. ఏ జాబితాలోనూ ఆ పేరు లేదన్నారు, చనిపోయినవాళ్లలోనూ లేదు, బతికినవాళ్లలోనూ లేదు. దుల్హన్‌కు అప్పటికి ఏడో నెల.

ఖాలా మారిపోయింది. గడప మీద కూర్చుని సందు మొదలు వైపు చూడటమే పని. దుల్హన్ గోడ దాటి మా వైపు రాకూడదు. గట్టిగా నవ్వకూడదు. పుట్టబోయే బిడ్డకు ఏమీ కుట్టకూడదు, ఏమీ కొనకూడదు. "వాడు రాని, అప్పుడు చేద్దాం." దేనికైనా ఒకటే జవాబు. పాట పూర్తిగా బంద్.

పాతబస్తీ నుంచి ఆమె అన్నగారు వచ్చి గుండెలో గునపం దింపినట్టు ఒక మాట అన్నాడు. చెడ్డవాడు కాదు. రేపు మీ గతేంటని ఆలోచించే మనిషి. ఫాతెహా చదివించేద్దాం అన్నాడు. ఫాతెహా అంటే పోయినవాళ్ల పేరు మీద చేసే ప్రార్థన. "ఆ రోజు నుంచి దుల్హన్‌కు ఇద్దత్ లెక్క మొదలైతది. కాన్పు అయితే ఇద్దత్ సుత అయిపోతది. పుట్టింటోళ్లు తీసుకపోతరు. చిన్న పిల్ల, ఎన్ని రోజులు గిట్ల కూసోబెడ్తవ్?"

ఇద్దత్ అంటే భర్త పోయిన ఆడది కదలకుండా గడపవలసిన గడువు. ఖాలా అతనికి టీ కూడా ఇవ్వలేదు. "నా కొడుకు శవం నువ్వు జూసినవా భాయ్‌సాబ్? చూడనోనికి ఫాతెహా చదివేటట్లయితే రేపు నాకు సుత చదువు" అంది.

అతను వెళ్లిపోయాడు. మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

నవంబరులో చలి ముదిరింది. అమ్మ ఆగలేకపోయింది. "ఆపా, పుట్టే బిడ్డ ఎవరి కోసం ఆగుతుంది చెప్పండి. ఒళ్లు కప్పడానికి చిన్న బొంతయినా లేకుండా ఎలా?" అని పోరు పెట్టి ఒప్పించింది. ఖాలా ముక్కల మూట తెచ్చి చాప మీద పడేసి, "కుట్టుకోండ్రి" అంది. తానూ కూర్చుంది గానీ పాడలేదు. ముగ్గురూ మాటా పలుకూ లేకుండా కుడుతుంటే నాకు దారం ఎక్కించడం కూడా ఇబ్బందిగా ఉండేది. పని మాత్రం వాళ్ల పద్ధతిలోనే సాగింది, అంచు నుంచి లోపలికి. జానెడు చదరం మధ్యలో మిగిలింది.

ఆ రోజు గురువారం. ఖాలా దర్గాకు పోయింది. కొడుకు వెళ్లినప్పటి నుంచి ఇల్లు వదిలేది గురువారాలే. అమ్మ నన్ను వెంటబెట్టుకుని గోడ దాటి వాళ్లింటికి వెళ్లి దుల్హన్‌ను పిలిచింది.

మా అమ్మమ్మ ఊళ్లో ఒక ఆచారం ఉంది. పసిబిడ్డ బొంత మధ్యలో తండ్రి తొడిగి విడిచిన చొక్కా గుడ్డ వేస్తారు. తండ్రి ఒంటి వాసన బిడ్డకు తెలియాలని. పొలం పోయినా, కూలికి దూరదేశం పోయినా, బిడ్డ తండ్రి మీద పడుకున్నట్టే అని. నా బొంతలో నాన్న చొక్కా ఉంది, చెల్లెలి దానిలో కూడా ఉంది. అమ్మకు అది ఎంత సహజమంటే, ఇంకో ఇంట్లో ఇంకోలా ఉంటుందని తోచనే లేదు.

"మీ ఆయన తొడుక్కున్న చొక్కా ఏదైనా ఉంటే తే అమ్మా. ఉతకంది అయితే మరీ మంచిది" అంది.

దుల్హన్‌కు తెలుగు సగమే అర్థమయ్యేది. నేను ఉర్దూలో చెప్పాను. ఆ పిల్ల తల ఊపింది. తర్వాత లోపలికి పోయి పెట్టె తెరిచి తెల్ల మల్లు కుర్తా తెచ్చింది. ఫౌజుకు పోయేముందు రోజు విడిచింది. గుండీల పట్టీ పక్కన ఖాలా చేత్తో వేసిన తెల్లదారం పువ్వులు. ఖాలా దాన్ని ఉతకకుండా మడిచి, వేపాకుల మధ్య దాచుకుంది. అమ్మ కుర్తా ముందు భాగం, పువ్వులతో సహా, జానెడు చదరంగా కత్తిరించి మధ్యలో పెట్టింది. దుల్హన్ తనే ఒక వైపు కుట్టడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లకో ఆ పిల్ల ముఖంలో కళ చూశాను. ఖాలా వచ్చేసరికి మూడు వైపులు పూర్తయ్యాయి.

ఆమె చెప్పులు విడిచి, దర్గా నుంచి తెచ్చిన గులాబీ రేకులు మా చేతుల్లో పెడుతూ చాప వైపు చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అది ఎవరు ఇయ్యమన్నరు?"

అమ్మ నవ్వు ముఖంతోనే తమ ఊరి ఆచారం చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. ఖాలా ముఖం చూస్తే ఎవరైనా ఆపేస్తారు.

వాళ్లింటి పద్ధతి అప్పుడు తెలిసింది మాకు, పర్భనీ నుంచి వచ్చిన దుల్హన్‌కు కూడా. ఇక ఎవ్వరూ తొడుక్కోని బట్టే గుదడిలోకి పోవాలి. చిన్నదైపోయిన గౌను, చిరిగిన చీర, పోయినవాళ్ల అంగీ. బతికి ఉన్న మనిషి తొడుక్కునే బట్టను దర్జీ ఇంటివాళ్లు గుదడికి కోయరు. కోశారంటే ఆ మనిషి రాడని ఒప్పుకున్నట్టే. ఏ మాటకు అన్నగారిని టీ ఇవ్వకుండా పంపిందో ఆ మాటే ఇప్పుడు తన చాప మీద, తన చేతి పువ్వులతో సహా పరిచి ఉంది.

"ఆపా, నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు" అంది అమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీకేం ఎరుక బహెన్" అని ఖాలా చాప మీద కూర్చుంది. కత్తెర తీసుకుంది. కుట్లు విప్పడం మొదలుపెట్టింది. దుల్హన్ గోడకు ఆనుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

వేళ్లకు పాట అలవాటు అని చెప్పాను. కుట్టేటప్పుడే కాదు, విప్పేటప్పుడూ అంతే అనుకుంటాను. నాలుగైదు కుట్లు విప్పేసరికి ఆమె గొంతులోంచి కూనిరాగం బయటికి వచ్చింది, సెప్టెంబరు తర్వాత మొదటిసారి. తను పాడుతున్నట్టు ఆమెకు తెలిసినట్టు లేదు. పాటలో పిల్ల గౌన్లు ఇచ్చింది. దుపట్టా ఇచ్చింది, అది మామూలుగానే రెండుసార్లు. కొంగు చింపి ఇచ్చింది. "మరి వీపు వెనక..." దగ్గర ఆగింది. కత్తెర కూడా ఆగింది.

చాలాసేపు ఆ ముక్క వైపే చూసింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కన్నీళ్లు కారుతుండగా నవ్వింది.

"ఏందీ బహెన్, ఎంత బేవకూఫ్‌ను నేను! ఊరందరికీ మతలబ్ చెప్పిన. నాది ఎప్పుడో ఇచ్చేసిన అని మున్షీకి సుత చెప్పిన. నేను ఇచ్చింది ఏంది? పోయినోడి బట్ట. అది నేను ఇచ్చుడేంది, ఆయన పోతే పోయింది. ఇచ్చింది ఎక్కడ, వీపు వెనక ఇదుండె!"

కత్తెర పక్కన పెట్టింది. "మున్షీ, దారం."

ఎక్కించి ఇచ్చాను. విప్పిన కుట్లు తనే మళ్లీ వేసింది. నాలుగో వైపు కూడా తనే కుట్టింది. దర్జీ ప్రశ్న దాకా పాట పూర్తిగా పాడింది. అమ్మ బిక్కచచ్చి కూర్చుంటే మోచేత్తో పొడిచి, "జెర నువ్వు సుత పాడు, ఇంత చేసినవ్ కద!" అంది.

మరుసటి వారం అన్నగారు మళ్లీ వచ్చాడు. ఈసారి టీ ఇచ్చింది. ఆయన గుదడిలో కుర్తా చూశాడు. చూసి, అయితే ఒప్పుకున్నావన్నమాట, మౌల్వీ సాబును ఎప్పుడు తీసుకురమ్మంటావు అన్నాడు.

"ఫాతెహా లేదు" అంది ఖాలా.

"మరి ఇది?"

"ఇచ్చిన అంటే సచ్చిండని గాదు భాయ్‌సాబ్. నా గుప్పిట్ల లేడు, గంతే. ఎక్కడున్నడో, ఉన్నడో లేడో, గా దర్జీకి ఎరుక. నాకు ఎరుకైన దినం నువ్వు చెప్పినట్లు చేస్త."

ఆయనకు ఇది అర్థమైందని నేను అనుకోను. నాకూ అప్పుడు అర్థం కాలేదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మధ్యలో ఇంకో గడి ఉంటుందని నా లెక్కల్లో లేదు. కానీ ఖాలాలో వచ్చిన మార్పు కళ్లకు కనపడింది. కొడుకు కోసం ఎదురుచూడటం మానలేదు. సందులో సైకిలు గంట మోగితే అప్పటికీ తల తిప్పేది. కానీ గడప వదిలి వంటింట్లోకి వచ్చింది. దుల్హన్‌ను మా వైపు పంపించింది. ఆ పిల్ల మా చెల్లెలి వచ్చీరాని ఉర్దూకి పగలబడి నవ్వుతుంటే గోడ అవతల నుంచి, "నవ్వు బేటా, నవ్వు, కాన్పు సులువైతది" అని కేక వేసింది.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. అమ్మే దగ్గరుండి నీళ్లు పోసింది. బిడ్డను ఆ గుదడిలో చుట్టినప్పుడు చెవి సరిగ్గా పువ్వుల పట్టీ మీద ఆనింది. మర్నాటికి చెంప మీద ఆ కుట్టు అచ్చు పడింది. అమ్మ ఆచారం గెలిచిందా, ఖాలా ఆచారం గెలిచిందా అని నేను నాన్నను అడిగితే, "నువ్వు అన్నం తిను" అన్నాడు.

ఖాలా కొడుకు వేసవి సెలవులకు ముందు వచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి సందంతా వాళ్లింటి ముందే ఉంది. పాదానికి గుండు దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడట, తర్వాత క్యాంపులో పెట్టారట. రాసిన రెండు ఉత్తరాల్లో ఒక్కటీ చేరలేదు. కుంటుతున్నాడు. బాగా చిక్కిపోయి, గడ్డం పెరిగి, నాకే గుర్తు తెలియలేదు. ఖాలా ఏడుస్తూ, తిడుతూ, అతని వీపు నిమురుతూ, మళ్లీ తిడుతూ ఉంది. జనం వెళ్లిపోయాక మేమే మిగిలాం. దుల్హన్ బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టింది. బిడ్డ ఆ గడ్డాన్ని చూసి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అతను నవ్వుతూ గుదడి సర్దబోయి, మధ్య ముక్క చూశాడు.

దర్జీ కొడుకు. ఎవరూ చెప్పనక్కర్లేదు. వేలితో తెల్ల పువ్వులు తడిమాడు. వాళ్లు ఉర్దూలోనే మాట్లాడుకున్నారు. ఖాలా మాత్రం మా అమ్మకు అర్థం కావాలని మధ్యలో తెలుగులోకి దిగింది.

"అమ్మీ, నన్ను గుదడిలో కుట్టేసినవా?"

గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భరించలేకపోయాం. అమ్మ ముందుకు వచ్చి, తన వచ్చీరాని ఉర్దూలో, తప్పు నాది బాబూ, మీ అమ్మది కాదు, మా ఊళ్లో ఇలా చేస్తాం అని మొదలుపెట్టింది. ఖాలా చెయ్యెత్తి ఆపింది.

"కోసింది ఈ బహెన్. కుట్టింది నేను. విప్పి మళ్లీ కుట్టిన. తెలిసే కుట్టిన."

"నేను సచ్చిననుకున్నవా?"

"అనుకోలే. ఒక్క దినం సుత అనుకోలే."

"మరెందుకు?"

"చిన్నప్పుడు నా కాళ్లకాడ కూసోని ఎన్నిసార్లు ఇన్నవ్ రా గా పాట. నా కొడుకు, నా కొడుకు అని నిన్ను వీపు వెనక ఎట్ల పట్టుకున్ననో ఎరుకనా? ఇంట్ల ఎవ్వరిని ఊపిరి తీసుకోనియ్యలే. నీ పెండ్లాన్ని నవ్వనియ్యలే. అల్లాతోని లడాయి పెట్టుకున్న, నాది నాకు ఇయ్యి అని. అది పట్టుకునుడు గాదు, పిసుకుడు. అందుకే ఇడిసిపెట్టిన."

అతను తల వంచుకుని ఉన్నాడు. బిడ్డ ఏడుపు ఆపి అతని గుండీ పట్టుకుని లాగుతోంది.

"నేను రాకపోతే?" అన్నాడు.

"రాకపోతే సుత గుదడి గిట్లనే ఉండేది. నీ బిడ్డ దీన్లనే పండేది. నేను ఏడ్చేదాన్ని. మస్తు ఏడ్చేదాన్ని బేటా."

అమ్మ కళ్లు తుడుచుకుంటూ, వాతావరణం తేలికపరచాలని కాబోలు, "అబ్రాహాము ఇచ్చాడు కాబట్టే దేవుడు కొడుకును తిరిగి ఇచ్చాడు ఆపా. మీకూ అలాగే జరిగింది" అంది. ఆ కథ వాళ్లకూ ఉంది కదా, మెచ్చుకుంటుందనుకుంది.

ఖాలా గిర్రున తిరిగింది. "గా మాట అనకు బహెన్. ఇబ్రాహీం పైగంబర్, అల్లా పంపినోడు. నేను దర్జీ పెండ్లాన్ని. ఇచ్చిన గనక వచ్చిండంటే, అది బజార్ బేరం అయితది. ఇయ్యని తల్లుల కొడుకులు సుత వచ్చిన్రు. గీ వెనక గల్లీల ఆమె రాత్రింబగళ్లు దువా చేసింది, ఆమె కొడుకు రాలే. ఆమె దువాల ఏం తక్కువైందంటవ్?"

నేను కూడా లోలోపల అదే లెక్క వేసుకుని ఉన్నాను, ఒక ముక్క ఇచ్చింది, ఒక కొడుకు వచ్చాడు, సరిపోయింది అని. ఆ మాట వినగానే చెరిపేశాను. ఇంత వయసొచ్చాక, ఇన్ని ప్రార్థనలు చేశాక, కొన్ని దక్కి కొన్ని దక్కక, నేను చెప్పగలిగింది ఇదే: ఆ పాటలో ఇవ్వడం ఉంది గానీ తిరిగి రావడం ఎక్కడా లేదు. నాలుగు చరణాలూ వెతికాను.

అతను తల ఎత్తాడు. బిడ్డను గుదడితో సహా భుజాన వేసుకున్నాడు. "పాడు అమ్మీ, మళ్లా వింట. చిన్నప్పుడు సమజ్ కాలే" అన్నాడు.

ఖాలా అప్పటికే పళ్లెం పెట్టి, పొగలు కక్కుతున్న ఖిచిడీ వడ్డిస్తోంది. పైన నెయ్యి వేసి, పళ్లెం అతని ముందుకు జరిపింది.

"పాట యాడికి పోతది రా? ఖిచిడీ సల్లగైతది. ముందు తిను."